కాన్పు గదిలో కొలత కావాలి

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని దశాబ్దాలుగా చెబుతూ వచ్చాం. గర్భిణులు ఆ మాట విన్నారు, వస్తున్నారు. వచ్చాక వారికి ఏం జరుగుతోందో అడగాల్సిన సమయమిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం గర్భం, ప్రసవ కారణాలతో 2023లో సుమారు 2.6 లక్షల మంది మహిళలు చనిపోయారు. నెల నిండకుండానే కన్నుమూస్తున్న పసికందులు ఏటా 20 లక్షలకు పైనే. ఈ మరణాల్లో ఎక్కువ భాగం ఇప్పుడున్న మందులతో, పద్ధతులతో ఆపగలిగినవే.

తల్లుల ప్రాణాలు తీసే కారణాల్లో మొదటిది కాన్పు తర్వాతి అధిక రక్తస్రావం. ఎంత రక్తం పోయిందో చాలాచోట్ల ఇప్పటికీ కంటితో చూసే చెబుతున్నారు. గుడ్డల్లో, పరుపులో ఇంకిపోయింది లెక్కకు రాదు. ఎంతో అనుభవం ఉన్నవారు కూడా తక్కువగానే అంచనా వేస్తారు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో ఇందుకు ఒక ఉపాయం పరీక్షించారు. బాలింత కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. రక్తం గీత దాటగానే గర్భసంచి మర్దన, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తం గడ్డ నిలిచేలా చేసే ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్, కారణం కోసం పరీక్ష... ఒకటి పని చేయలేదని తేలేదాకా ఆగకుండా అన్నీ కలిపి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గినట్టు 2023లో తేలింది. ఇంత చవకైన సంచి ప్రతి లేబర్ రూమ్‌లో ఎందుకు లేదో అధికారులే చెప్పాలి.

అలాగని గోడకు ఒక చెక్‌లిస్టు అంటించి చేతులు దులుపుకొంటే కుదరదు. ఉత్తర్‌ప్రదేశ్‌లో సురక్షిత ప్రసవ చెక్‌లిస్టుతో పాటు సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చి చూశారు. పని తీరు మెరుగుపడింది కానీ మరణాలు తగ్గలేదు. 2017లో వచ్చిన ఈ ఫలితం చేదుగా ఉన్నా పక్కన పెట్టలేం. చాలినంత మంది నర్సులు, అందుబాటులో రక్తం, కేసు చేయి దాటకముందే పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు లేకపోతే కాగితం ప్రాణం కాపాడదు.

పుట్టిన ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. అదీ మొదటి నిమిషంలోనే. ఊపిరి అందించే బ్యాగ్, మాస్కు ఉన్న బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతికేంత వ్యవధి ఆ బిడ్డకు లేదు. బాగా తక్కువ బరువుతో పుట్టినవారిని వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో రుజువైంది. తల్లిని నవజాత శిశువుల వార్డు బయట కూర్చోబెట్టే నిబంధన ఇంకా ఎవరి కోసం?

తప్పు జరిగినప్పుడు ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సుకు మెమో ఇచ్చి ఫైలు మూసేయడం తేలిక. ఇంగ్లండ్, వేల్స్‌లో 1952 నుంచి తల్లుల మరణాలపై పేర్లు గోప్యంగా ఉంచి విచారణ సాగుతోంది. శిక్ష భయం లేనప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది. చావు అంచుదాకా వెళ్లి బతికిన కేసులనూ ఇలాగే పరిశీలించాలి. రాత్రి షిఫ్టులో ఒక్కో నర్సు ఎంతమంది గర్భిణులను చూస్తోందో, ఏ మందు ఎన్ని రోజులు నిండుకుందో ప్రతి ఆసుపత్రీ నెలనెలా బయటపెట్టాలని కోరుతున్నాం.