నో డ్యూస్ ఫారం గారి దివ్యసముఖానికి

అయ్యా,

ఫోర్-టూ, అంటే నాలుగో ఏడు రెండో సెమిస్టరు, పరీక్షలు అయిపోవచ్చాయి. హాస్టల్ ఖాళీ చేయించి పిల్లల్ని తీసుకుపోదామని రెండు రాష్ట్రాల అమ్మానాన్నలు రాత్రి బస్సులెక్కి ఇంజనీరింగ్ కాలేజీల గేట్ల దగ్గర దిగే రోజులివి. వచ్చింది పిల్లల్ని తీసుకుపోవడానికేనని వాళ్ల నమ్మకం. ఏ విభాగానికీ బకాయి లేదని సంతకాలతో తమరు నిండితే తప్ప టీసీ ఇవ్వరనే సంగతి పదిన్నరకి ఆఫీసు తలుపు తీశాక గానీ తెలియదు.

తమరి ఒంటి మీద పది పన్నెండు గళ్లు. లైబ్రరీ, ల్యాబులు, హెచ్‌ఓడీ (విభాగాధిపతి), పీడీ (ఆటల మాస్టారు), ప్లేస్‌మెంట్ సెల్, బస్సు, హాస్టల్, మెస్, పరీక్షల విభాగం, అకౌంట్స్, ఏఓ (ఆఫీసు అధికారి), ఆపైన ప్రిన్సిపాల్. కాలేజీ బస్సు మొహం చూడని హాస్టల్ పిల్ల కూడా బస్సు బకాయి లేదని రాయించుకోవాలి. నాలుగేళ్లలో బంతి ముట్టని కుర్రాడు పీడీ గారి కోసం గ్రౌండంతా వెతకాలి. ఆయన ఎలా ఉంటారో తెలియదు గనక ఈల ఎవరి మెడలో ఉంటే వాళ్లకి నమస్కారం పెడుతుంటాడు.

పైనుంచి కిందికి వరసగా వెళ్దామనుకునే అమాయకులంటే తమరికి మహా ఇష్టం. తెలిసినవాళ్లు ముందు దొరకని మనిషిని పట్టుకుంటారు. వార్డెన్ సాయంత్రం ఐదు దాటితే గానీ దొరకరు. అకౌంట్స్ కిటికీ మూడింటికే మూస్తారు. హాస్టల్ గడి ఖాళీగా ఉంటే అకౌంట్స్ వాళ్లు కాగితం ముట్టరు. కాబట్టి పొద్దున దిగి రాత్రి బస్సుకి రిటర్న్ టికెట్టు తీసుకున్న నాన్న ఆ డబ్బు వదులుకున్నట్టే. రెండో శనివారం దిగినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. సంతకం పడినా స్టాంపు లేకపోతే చెల్లదు. స్టాంపు బీరువాలో, తాళం అటెండరు దగ్గర, అటెండరు భోజనానికి.

హాస్టల్ గడి కథ వేరు. మంచం, టేబులు, కుర్చీ, ఫ్యాను రెక్కలు, రెగ్యులేటరు, తాళంచెవి అన్నీ లెక్క చూస్తారు. రెక్క వంగితే ఖర్చు గదిలో నలుగురూ పంచుకోవాలి గానీ ముగ్గురు అప్పటికే ఊళ్లు చేరి ఫోన్లు ఎత్తరు. ఆఖరున మిగిలినవాడి నాన్న కడతాడు. పరుపు చుట్టకముందే గది ఫొటోలు తీసి పెట్టుకున్నవాళ్లకి బేరమాడే వీలైనా ఉంటుంది.

ఇక అకౌంట్స్. ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు ఇంకా వెయ్యలేదు, ఇప్పటికి మీరు కట్టండి, పడ్డాక తిరిగిస్తాం అంటారు. సర్కారు బాకీ నాన్న బాకీ ఎలా అయిందని తమరిని అడిగి లాభం లేదు, తమరిలో ఆ గడి లేదు. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీలు అట్టిపెట్టుకోవట్లేదు కూడా. బకాయి తీరేదాకా బీరువాలో భద్రపరుస్తున్నాయి, అంతే.

చేరేటప్పుడు హామీగా కట్టిన కాషన్ డిపాజిట్ వెనక్కి రావాలంటే మొదటేడు ఇచ్చిన అసలు రసీదు తేవాలి. అది థర్మల్ కాగితమైతే సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత మీద అచ్చు పడుతుంది. నాలుగేళ్లు బీరువాలో ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి. జాగ్రత్తపరురాలైన అమ్మ లామినేషన్ చేయించిందనుకోండి, ఆ మెషిన్ వేడికి రసీదు మొత్తం నల్లగా మాడిపోతుంది. తీసుకున్న రోజే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ని లామినేట్ చేయించాలని అడ్మిషన్ల నాడు ఎవరూ చెప్పరు. రసీదు దొరికినా చెక్కు వచ్చేది పిల్లవాడి పేరు మీద. వాడి మామూలు సేవింగ్స్ ఖాతా రెండేళ్లు కదలకపోతే నిద్రపోతుంది. కేవైసీ మళ్లీ ఇస్తే గానీ లేవదు.

తమరి కటాక్షం కోసం కారిడార్లో నించున్న,
అమ్మానాన్నలు

తా.క.: కొత్తావకాయ సీసా ఉన్న సంచిలో తమరిని పెట్టొద్దని తోటివారికి చెబుతున్నాం. నూనె పీల్చిన కాగితం మీద స్టాంపు సిరా పట్టదు. డూప్లికేట్ ఫారం కావాలంటే హెచ్‌ఓడీ లెటరు తెమ్మంటారు. ఆయనేమో జవాబు పత్రాలు దిద్దే వేల్యుయేషన్ క్యాంపులో ఉంటారు.