మిర్చి ఎరుపులో 5,040

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి (రైతు సరుకు అమ్మిపెట్టి శాతం పుచ్చుకునే దుకాణం) మా కంపెనీ సాఫ్ట్‌వేర్. రిక్వైర్‌మెంట్స్ పేరుతో గుమాస్తా గారిని రెండు రోజులు కూర్చోబెట్టి అడిగింది, స్క్రీన్లు ఎన్ని, రిపోర్టు ఎక్సెల్‌లోనా పీడీఎఫ్‌లోనా అని. కొట్టుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్న ఫారంలోనే లేదు. ఆ ఫారం రాసిన మా మేనేజర్ గారు మిర్చిని పచ్చడి జాడీలో తప్ప చూసినవారు కారు. "కిరాణా ప్యాకేజీ రెడీగా ఉందిగా, పేరు మార్చి ఇచ్చెయ్యండి" అన్నారు. మార్చేశాం.

డెమో. గోడకి పెద్ద టీవీ, గది నిండా రైతులు (ఏసీ ఉన్నది అక్కడే మరి). లెక్కకి 45 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి, టిక్కీ 40 కిలోలు, వెరసి 18 క్వింటాళ్లు. క్వింటా 14,000 చొప్పున 2,52,000. కిరాణా లెక్కలో కొట్టు సరుకు కొని, అమ్మాలి. కొన్నదీ 2,52,000, అమ్మిందీ 2,52,000. రెండు శాతం కమీషన్‌కి గడే లేదు కనుక ఎవరో మహానుభావుడు దాన్ని డిస్కౌంట్‌లో తోశాడు. ఎంటర్ నొక్కగానే తెర నిండా ఎర్రగా: నికర నష్టం 5,040.

కొట్టుకి ఆ అమ్మకం మీద రావలసిన కమీషన్ సరిగ్గా అంతే, పైసా తేడా లేదు. ఆ ఎరుపు సంగతీ చెప్పాలి: "కాయ రంగు అచ్చుగుద్దినట్టు దిగాలి" అని మేనేజర్ గారు రెండు మీటింగులు పెట్టి ఎంచింది. ఆరుతూ వెలుగుతూ, వెలిగినప్పుడల్లా టింగుమంటూ. షావుకారు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. నష్టం అక్కడే ఉంది. టింగ్. వెనక బెంచీ మీది పెద్దాయన కండువా దులుపుకుని లేచాడు. "ఏందబ్బాయ్, కొట్టు ఎత్తేత్తన్నారా ఏంది? నా పట్టీ డబ్బులు ఇప్పుడే ఇచ్చెయ్యండి." ఆయన వెనకే ఇంకో నలుగురు.

ముందే కాగితం మీద బాణాలు గీసుంటే అరగంట పని. ఎవరు ఎవరికి ఏమిస్తున్నారు, బదులు ఏం పుచ్చుకుంటున్నారు? ఈ-త్రీ-వాల్యూ (e3value, వ్యాపారంలో ఎవరు ఎవరికి ఏ విలువ ఇస్తున్నారో బొమ్మగా గీసే పద్ధతి) పట్టుబట్టేది ఇక్కడే: పోయే బాణానికి వచ్చే బాణం ఉండాలి. సరుకు రైతు నుంచి కొనుగోలుదారుకి పోతుంది, కొట్టుది కాదు. కాబట్టి ఎవరి టిక్కీలు ఎక్కడున్నాయో చూపే చిట్టా చాలు. రైతుకిచ్చిన అడ్వాన్సు ఇంకో బాణం, దానికి బాకీ ఖాతా, తక్‌పట్టీలో (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలో) కోత. కొనుగోలుదారు వాయిదా అడిగితే కొట్టు తన డబ్బు ముందు పెట్టాలి, దానికి గడువుల జాబితా. కమీషన్‌కి సొంత గడి, ఆదాయం కింద.

నేను ఇది చెబుతుండగానే గుమాస్తా గారు టీవీ ప్లగ్గు పీకి, ఎర్ర అట్ట చిట్టా తెరిచారు. అప్పుడే మేనేజర్ గారి ఫోను: "రంగు నచ్చిందా?"