పెన్నలో బోర్డు పారేసిందెవరు?

కమలాపురం దిక్కున పెన్న ఒడ్డు మీద ఓ శాఖవారు బోర్డు పాతించారు. ‘నదిని కలుషితం చేయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.’ రెండు ఇనుప కాళ్లు, కింద సిమెంటు దిమ్మె. మొన్న ఏరొచ్చి తగ్గాక చూస్తే బోర్డు నదిలో ఉంది. దిమ్మెతో సహా, దిమ్మె కింది మట్టితో సహా వెల్లకిలా పడింది. ‘శిక్షార్హులు’ అన్న మాటొక్కటే బురదలోంచి బయటికి కనిపిస్తోంది.

చట్టం తన పని తాను చేసుకుపోవాలి కదా. బోర్డు రాత ప్రకారం మొదటి ముద్దాయి బోర్డే. పంచనామా రాయాలి. ఊరి పెద్దలిద్దర్ని పిలిచి ఒడ్డున నిలబెట్టి సంతకాలు తీసుకోవాలి. వాళ్ల కాళ్ల కింద కూడా డొల్లే గనుక ఆ పని కాస్త త్వరగా కానివ్వాలి. రెండో ముద్దాయి ఒడ్డు. అనుమతి లేకుండా టన్నులకొద్దీ మట్టిని నదిలోకి వదిలింది. షోకాజ్ నోటీసు అంటించబోతే మరో రెండడుగులు వెనక్కి జరిగింది, అంటే పరారీలో ఉంది. కొత్త బోర్డుకు టెండరు పిలవాలి. ఈసారి ‘బోర్డును నదిలో వేయరాదు’ అని ఇంకో లైను కలపాలి.

మట్టి కూడా కాలుష్యమేనా అని నవ్వేవారున్నారు. డీఏపీ ఎరువు బస్తా 1,350 రూపాయలు. అందులో 46 శాతం ఫాస్ఫేటు, అంటే భాస్వరం ఎరువు. పైరు తీసుకోగా మిగిలింది సన్న మట్టి రేణువులను పట్టుకుని పొలంలోనే ఉంటుంది. దరి తెగితే ఆ మట్టితోపాటే ఏట్లోకి, అక్కణ్ణుంచి సోమశిలకు. నిలవ నీళ్లలో ఆ ఎరువు తిని పాచి పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది, చేపలకు ఊపిరాడదు. మట్టి మాత్రం అడుగున కూర్చుంటుంది. అనంతపురానికి హెచ్చెల్సీ (ఎగువ కాలువ) నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాం 1953లో దాదాపు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 చిల్లర. ఆ పూడికంతా ఒడ్లదే అనను, పొలాలదీ ఉంది, గనులదీ ఉంది. కానీ పొలాల లెక్క అడిగినంత గట్టిగా ఒడ్ల లెక్క అడిగినవాడు నాకెక్కడా తగల్లేదు.

ఒడ్డు ఎందుకు పడుతుందో టిప్పర్ డ్రైవర్ని అడిగినా చెప్తాడు. ఇసుక తోడేస్తే ఏరు లోతవుతుంది, ఒడ్డు ఎత్తు పెరుగుతుంది, దాని పాదం ఖాళీ అవుతుంది. వరదలో ఒడ్డంతా నానుతుంది. నీళ్లున్నంతసేపూ అవే దానికి ఆసరా. నీళ్లు చప్పున తగ్గిపోతే నానిన ఒడ్డు తన బరువుకు తానే నిట్టనిలువునా జారుతుంది. అంటే ఎక్కువగా పడేది వరద రోజున కాదు, ఆ మర్నాడో మూడోనాడో. అప్పటికి నాయకుల పరామర్శలు, ఫొటోలు అన్నీ అయిపోయి ఉంటాయి.

ఈ మధ్య ఓ అవగాహన సదస్సులో రైతులకు హితబోధ చేశారు: ఎరువులు తగ్గించండి, నదులు చెడిపోతున్నాయి. ఏసీ హాల్లో, సీసా నీళ్లు తాగుతూ. తగ్గించాల్సిందే, కాదనను. కానీ రాత్రిళ్లు జేసీబీలు దించి ఏటి కడుపు తోడిందెవడు? కానుగలూ తుమ్మలూ జమ్మూ పీకేసి టిప్పర్లకు బాట వేసిందెవడు? వేళ్లు పట్టుకుని ఉన్నన్నాళ్లూ నిలబడిన దరి, ఆ బాట పడ్డ ఏడాదే తెగలేదా? అప్పు తెచ్చి బస్తా కొన్నవాడి భూమిని నదిలోకి తోసేసి, ఎరువు కలిపావని మళ్లీ వాడినే దోషిని చేస్తారా? సిగ్గుండాలి.

సాయం లేదా అంటే ఉంది. నది దారి మళ్లి భూమి బాగా పోతే చిన్న సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000 రూపాయలు అని 2022 నాటి కేంద్ర విపత్తు నిబంధనల్లో రాశారు. పెన్న మాత్రం దారి మళ్లలేదు. పాత దారిలోనే పోతూ ఏటా కొంచెం కొంచెం కొరుక్కుతింటోంది. ‘మళ్లింది అని రాయండి సార్’ అని ఓ రైతు ఆఫీసులో బతిమాలుకుంటే, ‘నది ఒప్పుకోవాలి కదప్పా’ అన్నారట.

ఆ రైతు భూమి పాస్‌బుక్కులో మాత్రం ఒక్క సెంటు తగ్గలేదు. పోయిన భూమితో కలిపి మొత్తానికీ క్రాప్ లోన్ రెన్యువల్ చేసుకోమని బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. వడ్డీ కూడా మొత్తానికే.