మహారాజశ్రీ స్టెప్నీ గారికి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి నలుగురు స్నేహితులు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం, తమరక్కడ క్షేమమని తలుస్తాము అని రాయడం ఆనవాయితీ. మేం నిజంగానే అలా తలిచాం. కారు కొన్నప్పట్నుంచీ తలుస్తూనే ఉన్నాం. ఆ తలంపే మొన్న శనివారం మమ్మల్ని రోడ్డు మీద కూర్చోబెట్టింది.

తమరుండేది డిక్కీలో, కార్పెట్ కింద, చీకట్లో. మా ప్లాన్ ఏమిటో తమకు తెలిసే దారి లేదు కాబట్టి మనవి చేసుకుంటాను. వైజాగ్ వాళ్లకి రెండు రోజులు సెలవొస్తే అరకు తప్ప ఇంకో ఊరి పేరు గుర్తురాదు. ఈసారి అలా కాకూడదని ఒట్టేసుకున్నాం. విజయనగరం గంటస్తంభం దగ్గర టిఫిను, గజపతినగరం, రామభద్రపురం మీదుగా బొబ్బిలి, అక్కడ గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లని చూడటం, రాత్రికి పార్వతీపురం. ఆదివారం వీరఘట్టం, పాలకొండ, శ్రీకాకుళం, అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనం, చీకటి పడేసరికి ఇల్లు.

ఇది తేలడానికి మూడు వారాలు ఫోన్లలో కొట్టుకున్నాం. బిర్యానీ ఎక్కడ తినాలన్నదాని మీద నాలుగు అభిప్రాయాలు. పాటలు ఎవరి ఫోన్లోంచి రావాలన్నదాని మీద నాలుగు అభిప్రాయాలు. తమరి విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట: "స్టెప్నీ ఉంది కదరా."

రామభద్రపురం దాటి బొబ్బిలి రోడ్డెక్కిన కాసేపటికే ఎడమ వెనక చక్రం లబలబలాడింది. దిగి చూస్తే రెండంగుళాల మేకు. ఎవరికీ టెన్షన్ లేదు. కారు సొంతదారు అప్పలరాజైతే ఈల కూడా వేశాడు. "పది నిమిషాల పనిరా" అన్నాడు.

తమరి దర్శనం కావాలంటే ముందు తమ నెత్తి మీదున్నదంతా దింపాలి. దింపాం. మా బతుకులన్నీ రోడ్డున పడ్డాయి. రెండు రోజుల ప్రయాణానికి సత్తిబాబు ఐదు జతల బట్టలు, ఇస్త్రీపెట్టె తెచ్చాడు. "నేనేం తేలేదురా, ఉత్త చేతుల్తో వచ్చాను" అన్న సన్యాసినాయుడి సంచిలో, తువ్వాలులో చుట్టిన మాడుగుల హల్వా పొట్లం దొరికింది, ఒక్కడికే సరిపడా. నేను మోసుకొచ్చిన కుక్కర్ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

చివరికి కార్పెట్ ఎత్తాం. పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ పడుకుని ఉన్నారు తమరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి రబ్బరు వెంట్రుకలు కూడా ఒంటి మీద రాలలేదు. పక్కన 3416 అని నాలుగంకెలు, అంటే 2016లో 34వ వారం తమరి జననం. జాతకం బాగుందనుకుని, జాకీ పెట్టి, మేకు దిగిన చక్రం ఊడదీసి, తమర్ని ఎక్కించి నట్లు బిగించాం. జాకీ దించాం. జాకీతో పాటు తమరూ దిగారు. కారు బరువు పడీ పడగానే చాపలా నేలమీద పరుచుకున్నారు.

అటుగా వెళ్తున్న సాలూరు లారీ ఒకటి ఆగింది. క్లీనర్ కుర్రాడు రాడ్డుతో తమర్ని ఒక్కటి కొట్టి చెవి పెట్టాడు. బొద్దుమంది. "గాల్లేదు బాబూ" అన్నాడు. తన లారీ కింద వేలాడుతున్న తమ జాతివాణ్ని కూడా కొట్టి వినిపించాడు. ఖణేల్మంది. బండి కదిలే ముందు టైర్లన్నిటితో పాటు దాన్నీ కొట్టి చూసుకుంటాడట. 1757లో ఫ్రెంచి బుస్సీ, విజయనగరం రాజు ఫిరంగులు ఈడ్చుకుంటూ ఇదే బొబ్బిలికి చేరారు. ఐదు చక్రాలుండి మేం చేరలేకపోయాం.

చింతచెట్టు కింద కూర్చుని ఫోన్లో తమ వంశచరిత్ర చదివాను. తమ పేరు ఓ వీధి పేరట! వేల్స్‌లోని లానెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904 ప్రాంతంలో అక్కడి డేవిస్ సోదరులు తమర్ని తయారుచేసి అమ్మకానికి పెట్టారు. అంతకుముందు కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు, పంచరైతే దారి మధ్యలోనే కూర్చుని అతుకేసుకోవాల్సిందే. ఆ వీధి పేరు బొబ్బిలి రోడ్డు మీద ఆ పూట ఎన్ని రకాల తిట్లలో కలిసిందో లానెల్లీ వాళ్లకి తెలియకపోవడమే మంచిది. ఇంకో సంగతీ చదివాను. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంచర్ కిట్టు ఉన్న చిన్న బళ్లకి తమరు లేకపోయినా ఫరవాలేదని 2020లో మన ప్రభుత్వం నిబంధన మార్చింది. ఆ వార్త చెవిన పడి, అలిగి, ఊపిరి వదిలేశారేమో అనుకున్నాం.

రెండు చక్రాలూ పట్టుకుని సత్తిబాబు, నేను రామభద్రపురం కూరగాయల మార్కెట్‌కి వెళ్తున్న వంకాయల ఆటో ఎక్కాం. సామాను కాపలాకి ఉన్న ఇద్దరి దగ్గరికి ఒకావిడ వచ్చి, "కుక్కరెంతకిస్తారు బాబూ?" అని బేరం కూడా మొదలుపెట్టిందట. అప్పలరాజు ఆరు వందలు చెప్పాడట, నా కుక్కర్‌కి.

పంచర్ షాపాయన తమర్ని గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. చుట్టూ తిప్పాడు. ఒక్క బుడగ లేదు. "దీనికే రోగమూ లేదు బాబూ. గాలి కొట్టించి ఎన్నాళ్లయింది?" అన్నాడు. నేను సత్తిబాబు వైపు చూశాను. సత్తిబాబు కంప్రెసర్ వైపు చూశాడు. తిరగని చక్రమైనా నెలనెలా కాస్త కాస్త గాలి దిగిపోతుందని ఆయన చెప్పాడు.

బంకుకెళ్లిన ప్రతిసారీ గాలి కొట్టే కుర్రాడు అడుగుతాడు, "స్టెప్నీ కూడానా సార్?" అని. "వద్దులే, సామాను తియ్యాలి" అంటాం. గాలి ఫ్రీ, సామాను తియ్యడమే ఖరీదు. తమరి మీద మా ఫిర్యాదు ఇక్కడ కొంచెం బలహీనపడుతుందని ఒప్పుకుంటాను. కానీ ఉత్తరం సగం రాసేశాక ఆపడం మర్యాద కాదు.

గొల్లపల్లి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సగం తొలిచిన పనస దుంగ ముందు ఓ పెద్దాయన పని ముగిస్తున్నాడు. పసుప్పచ్చటి పొట్టు మా కాళ్లకి అంటుకుంది. వేలి కణుపుతో దుంగని తట్టి, తల వంచి విన్నాడు. అప్పలరాజు నా వైపు చూసి నాలిక కరుచుకున్నాడు.

తమరిప్పుడు ఎడమ వెనక చక్రం. తమ పాత పడకలో అతుకు పడ్డ చక్రం పడుకుంది. ఆదివారం పాలకొండలో చవగ్గా వస్తున్నాయని సీతంపేట అనాసపళ్లు రెండు బస్తాలు కొన్నాం. ఇద్దరు నొక్కితేగానీ డిక్కీ పడలేదు. శ్రీకాకుళం దాటాక బంకులో నాలుగు టైర్లకీ గాలి కొట్టిన కుర్రాడు లేచి, చేతులు తుడుచుకుంటూ, "స్టెప్నీ కూడానా సార్?" అన్నాడు. తమరు అక్కడే ఉన్నారు. అప్పలరాజు ఏమన్నాడో తమరూ విన్నారు.

ఇట్లు,
తమ మీద భారం వేసిన నలుగురు