కేకు కత్తి మీద పదకొండు చేతులు

డిసెంబరు ఒకటో తారీఖు వస్తే చాలు, మా జిల్లాలో ఏసుప్రభువు సగం పుడతాడు. మిగతా సగం ఇరవై అయిదున. ఈ మొదటి సగానికి సెమీ క్రిస్మస్ అని పేరు. బైబిల్లో ఎక్కడా కనిపించదు గానీ, ఎమ్మెల్యేగారి డైరీలో ఉంటుంది. అసలు పండగ రోజున ఆయనేమో ఒక్కడు, చర్చిలేమో వందల్లో. అందుకని పండగని సాగదీసి నెలంతా పరిచి, సాయంత్రానికి ఆరు చొప్పున ముగించేస్తారు. పరలోకపు పాలన సంగతి తెలీదు గానీ, భూలోకంలో ఇంతకంటే పద్ధతైన పాలన నేను చూళ్లేదు.

మొన్న మా పల్లెలోనూ జరిగింది. ఆరింటికి అన్నారు. ఆరింటికి కొయిర్ మొదలెట్టింది. ఏడున్నరకి ఉన్న పాటలన్నీ అయిపోయి, మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఎనిమిదింటికి గొర్రెల కాపరులు తలగుడ్డలు తీసి పరుచుకుని పడుకున్నారు. తొమ్మిదికి తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురూ ఒకళ్లమీద ఒకళ్లు పడి గురకలు. యోసేపు గడ్డం మరియమ్మ ముసుక్కి అతుక్కుపోయి, ఇద్దర్నీ విడదీయడానికి పాస్టరమ్మగారు కొబ్బరినూనె తెప్పించారు. పదికి పావుతక్కువకి సైరన్ వినిపించింది. బేతలేహేములో నక్షత్రం వస్తే చాలింది, ఇక్కడ ఎస్కార్టు జీపు రావాలి.

వేదిక మీద ఐదు సింహాసనాలు. టెంట్ హౌస్ వాళ్లవి, పెళ్లికొడుకులు కూర్చునే ఎర్ర వెల్వెట్ కుర్చీలు, తలకాయల పైన బంగారు రంగు కిరీటాలతో. పశువుల తొట్టి మాత్రం కింద, జనరేటర్ పక్కన.

ఇక కేకు. ఇరవై కిలోలు. ఈ మధ్య కేకు మీద ఫొటో వేసే మిషన్లు వచ్చాయి గదా, దానిమీద చక్కెరలో ఎమ్మెల్యేగారు నవ్వుతున్నారు. పుట్టినవాడి బొమ్మ వెయ్యాలని బేకరీవాడికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడొచ్చింది చిక్కు. కత్తి ఎక్కడ దించాలి? మెడమీద దించితే అపశకునం, ముక్కుమీద దించితే అవమానం. కత్తి పట్టుకున్న చేతులు లెక్కపెట్టాను, పదకొండు. ఎమ్మెల్యేగారిది, మండలాధ్యక్షుడిది, మాజీది, సీఐగారిది, సర్పంచిగారి భర్తది (సర్పంచిగారు కింద కుర్చీలు సర్దుతున్నారు), ముగ్గురు దైవజనులవి, తక్కినవి ఎవరివో వాళ్లకే తెలియాలి. ఫొటోగ్రాఫర్ ‘ఇటు, ఇటు’ అంటున్నాడు. పదకొండు చేతులూ కలిసి కత్తిని ముఖం చుట్టూ తిప్పి తిప్పి, చివరికి చెవి పక్కన పూలు వేసిన చోట ఓ మూల గీరాయి. సంఘమంతా స్తోత్రం చెప్పింది. అంత ఐక్యత మా సంఘంలో పెంతెకొస్తు పండగనాడు కూడా రాలేదు.

అప్పుడు సండే స్కూల్ పిల్లను లేపి మైకు ముందు నిలబెట్టారు. తొమ్మిదేళ్లుంటాయి. కంఠత వాక్యం, మరియమ్మ పాడిన పాట, లూకా సువార్త మొదటి అధ్యాయంలోది. కళ్లు మూసుకునే చెప్పేసింది, పాపం నిద్రలో ఉంది గదా. ఆ పాటలో ఏముందో చదివినవాళ్లకి తెలుసు. దేవుడు బలవంతుల్ని సింహాసనాల మీదనుంచి కిందకి తోసేస్తాడు, అణగారినవాళ్లని పైకెత్తుతాడు, ఆకలిగొన్నవాళ్లకి కడుపునిండా పెట్టి, ధనవంతుల్ని వట్టిచేతుల్తో పంపేస్తాడు. గొంతెత్తి, స్పష్టంగా, ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఐదు సింహాసనాల ముందు నిలబడి చెప్పింది.

ఎమ్మెల్యేగారు చప్పట్లు కొట్టారు. సీఐగారూ కొట్టారు. పిల్లకి ఐదొందల నోటు ఇచ్చి ఫొటో దిగారు.

నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నా. ఎవరికీ ఏమీ కాలేదు. వెల్వెట్ కుర్చీ ఒక్కటైనా కిర్రుమనలేదు.

తర్వాత ఉపన్యాసం. క్రీస్తు చూపిన ప్రేమ, శాంతి, సహనం. ఎప్పుడూ ఈ మూడే. అందులో సహనం దగ్గరికి వచ్చేసరికి గొంతు ప్రత్యేకంగా మెత్తబడుతుంది. దేవాలయంలో వ్యాపారుల బల్లలు తిరగేసిన క్రీస్తు ఎమ్మెల్యేగారికి ఇంకా పరిచయం కాలేదు. దైవజనులు కూడా పరిచయం చెయ్యలేదు, పనిమీద వచ్చారు గదా. పని ఏమిటంటే సమాధుల తోటకి ప్రహరీగోడ. పోయినేడు అడిగిందే, అంతకు ముందేడు అడిగిందే. ‘తప్పకుండా’ అన్నారు. పునరుత్థాన దినానికైనా గోడ లేస్తుందేమో, అప్పటికి లోపలున్నవాళ్లే లేచి వెళ్లిపోతారు.

ముందు వరసలో మా చిన్నాన్న కూర్చున్నాడు. ఆయన పేరు చర్చి రిజిస్టర్లో దావీదు, తహసీల్దారు ఇచ్చిన కుల సర్టిఫికెట్లో వెంకటేశ్వర్లు. ఆదివారం దావీదు, సోమవారం వెంకటేశ్వర్లు. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు, ఫోన్లలో ‘గొర్రె బిడ్డలు’, బియ్యం బస్తా కోసం మతం మారారని ‘బియ్యం బస్తాగాళ్లు’ అని రాసేవాళ్లున్నారు. క్రైస్తవుడై ఉండి ఎస్సీ రిజర్వేషన్ వాడుకోవడం దొంగతనమట. మరి ఆ రెండో పేరు ఎవరు పెట్టించారయ్యా? 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడంది. 1956లో సిక్కులకి తలుపు తీశారు, 1990లో బౌద్ధులకి తీశారు. క్రైస్తవుడూ ముస్లిమూ గడప బయటే. ఆ పేరాని సవాలు చేస్తూ 2004లో కొందరు సుప్రీంకోర్టుకి వెళ్లారు. మతానికీ ఎస్సీ హోదాకీ ముడి తెంపమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. చాల్లేదు కాబోలు, ఇదే సంగతి తేల్చమని 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్లు గడువిచ్చారు, ఆ గడువుకి మళ్లీ గడువిచ్చారు. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇమ్మని 2023 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఈలోగా మా చిన్నాన్న దావీదుగా ఉంటే బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. పండగ ఒక్కటే సెమీ అనుకున్నారా?

మతం మారితే కులం పోయిందట! ఎవరికి పోయింది? ఊళ్లోవాళ్లకి చెప్పారా ఆ మాట? 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపినవాళ్లు ముందు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగారా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసినవాళ్లు ‘నువ్వు ఏ సంఘం బాబూ’ అని వాకబు చేశారా? కొట్టేవాడికి మా కులం చీకట్లోనూ కనపడుతుంది. చట్టానికే కనపడదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. క్రైస్తవుడివయ్యావు కాబట్టి ఎస్సీవి కాదు, ఆ చట్టం నీది కాదు అని. తిట్టినవాడు ఆయన్ని ఏమనుకుని తిట్టాడో ఆ తీర్పుకి అక్కర్లేదు.

ఆ రాత్రి వేదిక మీద ఉన్న ముగ్గురు దైవజనుల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మైకు పట్టుకుని ‘అయ్యా, మూడో పేరా’ అని ఉంటే నేను జన్మలో కేకు మీద వ్యాసం రాసేవాణ్ణి కాదు. ప్రహరీ అడిగారు. అదీ దణ్ణం పెట్టి.

మావాళ్ల సంగతి మాత్రం తక్కువా? మా ఊళ్లో మాలపల్లె, మాదిగపల్లె అని పల్లెలు రెండు, చర్చిలూ రెండు, దేవుడు ఒక్కడే. ఒకటి లూథరన్, ఒకటి బాప్టిస్టు. సిద్ధాంత భేదం ఏమిటని అడిగి చూడండి, గుంటూరుకి లూథరన్ మిషన్ తెచ్చిన హేయర్ గారెవరో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఎవరో చెబుతారు గానీ అసలు కారణం చెప్పరు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు. ఊరంతా మిఠాయిలు పంచుకున్నాం. ఆ తర్వాతి ఆదివారం పేపర్లో పెళ్లి సంబంధాల పేజీ తిరగేశాను. ‘క్రిస్టియన్ రెడ్డి, అదే కులం వధువు కావలెను.’ కొత్త సృష్టి అయినవాడికి పాత కులం ఎందుకో!

క్లౌ దొర అన్నాను గదా, ఒంగోల్లో ఆయనకీ ఇలాంటి సెమీ ప్రతిపాదన ఒకటి వచ్చింది. 1860ల్లో. పై కులాలవాళ్లు కొందరు మొగ్గు చూపారు, మాదిగల్ని చేర్చుకోకపోతే మేం వస్తాం అన్నట్టుగా. ముందు వరస అంతా పెద్దలతో నిండే అవకాశం. దొరా, దొరసానీ విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు తగిలిందట, కొరింథీ పత్రికలో దేవుడు బలహీనుల్నీ నీచులనిపించుకున్నవాళ్లనీ ఏర్పరచుకున్నాడన్న చోటు. మాదిగల్ని చేర్చుకున్నారు, పెద్దలు లేచిపోయారు. తర్వాత ధాత కరువొచ్చింది. దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని. బియ్యం బస్తాల పండితులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. కేకు లేదు. సైరన్ లేదు. మునిగినవాళ్లు వెట్టి చేసేవాళ్లు, చచ్చిన గొడ్లని మోసేవాళ్లు. లేచాక తలెత్తుకు నడిచారు. ఆ మనవల మనవలమే మేం, ఇప్పుడు కత్తి మీద చెయ్యి పెట్టే చోటు కోసం తోసుకుంటున్నాం.

ఎమ్మెల్యేగారు పదకొండింటికి వెళ్లారు, ఇంకో రెండు సెమీలు ఉన్నాయట. చక్కెర ముఖాన్ని కోసే ధైర్యం ఎవరికీ లేక కేకు మధ్యభాగం అలాగే ఉండిపోయింది. అంచులన్నీ అయిపోయాయి. సండే స్కూల్ పిల్ల ప్లేటు పట్టుకుని వచ్చి నిలబడింది, ఇక లేదన్నారు. టెంట్ హౌస్ కుర్రాళ్లు సింహాసనాల్ని ఒక్కొక్కటీ వేదిక మీదనుంచి దించి ఆటోలో పడేస్తున్నారు. ఒకదాని చెయ్యి విరిగింది. ఎమ్మెల్యేగారు కూర్చున్నదే. దాని డబ్బులు కానుకల పెట్టెలోంచి కట్టాలని పాస్టరుగారు రాసుకున్నారు.