భార్యను అమ్మినవాడికి వన్స్ మోరా?

నా విలువలకు ఒప్పని కళను నేను ఆనందించను. ఇది పంతం కాదు, పద్ధతి. ఆ ప్రకారమే మొన్న విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో హరిశ్చంద్ర నాటకానికి జేబులో నోటుబుక్కు పెట్టుకుని మరీ వెళ్లాను.

మొదటి అభ్యంతరం కాశీ సీనులోనే నమోదైంది. అప్పు ఆయనది, అమ్మకం ఆవిడది! పోలీసులకు ఫోన్ చెయ్యాల్సిన చోట జనం "వన్స్ మోర్" అని అరిచారు. అంటే ఆవిణ్ని ఇంకోసారి అమ్మమనా? అందరికంటే గట్టిగా అరిచింది నా పక్క సీటతను. రెండేళ్ల కిందట నా దగ్గర ఇరవై వేలు చేబదులు తీసుకుని, ఎప్పుడు ఫోన్ చేసినా "ఊళ్లో లేను బాబాయ్" అంటూ బందరు రోడ్డు మీదే తిరిగే మనిషి. మాట తప్పని రాజు కష్టాలకు కళ్లు తుడుచుకున్నాడు. నా కర్చీఫుతోనే. ఇంటర్వెల్లో బాకీ సంగతి ఎత్తితే, "ఇలాంటప్పుడు డబ్బుల మాటేంటి బాబాయ్" అని నొచ్చుకున్నాడు.

ఇక కాటి సీను. రాజు వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. మనిషికి అంతకన్నా పతనం లేదని కథ తీర్మానం. కులదృష్టి, తీవ్ర అభ్యంతరం అని రాసుకున్నాను. తీరా ఆ రాజు గొంతెత్తి పాడినవేమో జాషువా పద్యాలు! 1895లో వినుకొండలో పుట్టి, అడుగడుగునా అంటరానితనం చవిచూసి, 1971లో గుంటూరులో కన్నుమూసిన కవి. ఆయన ఈ నాటకం కోసం రాయలేదు, నటులే తెచ్చి కలుపుకున్నారు. నా పద్ధతి ప్రకారం ఆ పద్యాలు ఇందులోంచి ఎప్పుడో రాజీనామా చెయ్యాలి. చెయ్యకపోగా, చావు దగ్గర హెచ్చుతగ్గులు లేవని ఆ రాజు నోటితోనే రాగం తీయించి మరీ చెప్పిస్తున్నాయి. దీన్ని ఏ పద్దులో రాయాలో తెలియక పెన్ను మూసేశాను. ఆ సమయంలో నా తల ఊగిందన్న ఆరోపణను ఖండిస్తున్నాను.

మనసు కడుక్కుందామని మర్నాడు రాత్రి అమరావతి శిల్పాల ఫొటోల పుస్తకం తెరిచాను. సిద్ధార్థుడు ఇల్లు విడిచే ఘట్టం. ఇంట్లో భార్య, పసిగుడ్డు. గుర్రం డెక్కల చప్పుడు ఎవరికీ వినపడకుండా కింద యక్షులు చేతులు పట్టారు. మా వీధిలో ఎవడైనా ఇలా వెళ్తే పెద్దమనుషులు పంచాయతీ పెడతారు, ఇక్కడ సాయం పడుతున్నారు! అభ్యంతరం రాయబోయి ఆ పొట్టి చేతుల వంకే చూస్తూ ఉండిపోయాను. పన్నెండు దాటాక మా ఆవిడ లేచొచ్చి, పుస్తకం వైపు, నా వైపు చూసి, "మీకూ ఏమన్నా ఆలోచనుందా?" అంది.

నిన్న ఆ బాకీ మనిషి ఫోన్ చేశాడు. వచ్చే వారం గుంటూరులో మళ్లీ హరిశ్చంద్రట, సీటు పట్టమంటావా అని. కేవలం నా డబ్బుల కోసమే వస్తానన్నాను. ముందు వరుసలో పట్టమన్నాను.