తిన్నగా పోతే ఏ శబ్దమూ లేదట!

మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కారు టకటకమంటోందని మొరపెట్టుకునే మానవుడికి మన సర్వీస్ సెంటర్లలో జరిగే శాస్త్రోక్తమైన చికిత్సను ఎవరో ఒకరు గ్రంథస్తం చేయాలి. లేకపోతే ఇంత గొప్ప విద్య మన తరంతోనే అంతరించిపోతుంది.

మొదటి ఘట్టం ఫిర్యాదు స్వీకారం. ట్యాబ్ పట్టుకున్న అడ్వైజర్ గారు "సౌండా సార్? ఎట్లొస్తుంది?" అంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి నలుగురి మధ్యలో నిలబడి నోటితో టక్, టక్, టక్ అని వాయించి చూపించాలి. "టక్ టక్కా సార్, కట కటనా?" అని ఆయన ఇంకోసారి పాడించుకుంటారు. ఇంత కచేరీ విన్నాక ట్యాబ్‌లో "నాయిస్" అని ఒక్క ముక్క కొడతారు. ఎటు తిప్పితే వస్తోంది, కారు ఆగి ఉన్నప్పుడా కదులుతున్నప్పుడా అనేవి రాయడానికి అందులో గడి లేదు. ఫ్లోర్ మ్యాట్లు ఎన్నున్నాయో రాయడానికి మాత్రం ఉంది.

ఇక టెస్ట్ డ్రైవ్. హైదరాబాద్‌లో సిగ్నళ్లు మూసేసి యూ టర్నులు పెట్టాక పాలప్యాకెట్టు తేవాలన్నా రెండుచోట్ల మెలికలు తిరగాలి. అలాంటి ఊళ్లో మలుపు తగలకుండా కారు నడపడం మామూలు సాధన కాదు. అడ్వైజర్ గారు సాధించారు. అద్దాలు ఎక్కించి, ఏసీ నాలుగులో పెట్టి, రేడియో ఆపకుండా, ముక్కుసూటిగా పోనిచ్చారు. "ఏం రావట్లేదు కదా సార్!" అన్నారు. తిప్పితే కదా బాబూ వచ్చేది? ఎంత సూటి మనిషైనా షోరూముకి తిరిగి రావాలి గనక చివరికి ఒక యూ టర్ను తప్పలేదు. అక్కడ చక్రం తిరిగింది, టకటకా మోగింది. "ఇదిగో!" అన్నాను. "అది రోడ్ సార్" అన్నారు. రోడ్డు ఎడమకి తిరిగినప్పుడు మోగదట, కుడికి తిరిగినప్పుడే మోగుతుందట. మళ్లీ తిప్పమంటే లంచ్ టైమన్నారు. జాబ్ కార్డులో రోడ్ టెస్ట్ ఎదురుగా టిక్కు పడింది. "ఈ మోడల్‌కి నార్మలే సార్" అని తీర్పు. తీర్పుతోపాటు శిక్ష కూడా: అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, ఇంజిన్ కోటింగ్, ఏసీకి సువాసన. రోగం చక్రానికి, అగరొత్తులు ఏసీకి.

ఇదేమైనా బ్రహ్మవిద్యా? ముందు చక్రాలతో నడిచే కారు మారుతి 800 రూపంలో 1983 చివర్లోనే మన రోడ్డెక్కింది. యాక్సిల్ చివర సీవీ జాయింట్ ఉంటుంది. చక్రం వంకర తిరిగినా ఇంజిన్ తిప్పే బలాన్ని ఆగకుండా దానికి అందించేది అదే. ఆరు ఉక్కు గోళీలతో దాన్ని ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920ల్లోనే తయారుచేసి పెట్టాడు. దానికి రబ్బరు బూటు తొడుగుతారు. ఆ బూటు చిరిగితే గ్రీజు బయటికి, మట్టి లోపలికి. గోళీలు అరుగుతాయి, తిప్పితే మోగుతాయి. ఖాళీ మైదానంలో అద్దాలు దించి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ మెల్లగా గుండ్రంగా తిరిగితే చాలు, దొంగ దొరుకుతాడు. ఎడమకి తిరిగితే మోగుతోందంటే చాలామట్టుకు కుడివైపు జాయింటు. రిమ్ము లోపలి వైపు నల్లగా చిమ్మిన గ్రీజు చార కనిపిస్తే ఇంక సాక్ష్యం అక్కర్లేదు. అలా కాక, నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితేనే టప్పుమంటోందా? ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు ముందు స్ప్రింగు మీద చెయ్యి ఆనించాలి. అది పట్టేసి ఒక్కసారిగా ఎగిరినట్టు చేతికి తగిలితే స్ప్రింగును స్టీరింగుతో పాటు తిరగనిచ్చే, పైనున్న స్ట్రట్ మౌంట్ బేరింగ్ పోయినట్టే. స్పీడ్ బ్రేకర్ మీద గొణిగితే ముందు సస్పెన్షన్‌లోని లింక్ రాడ్ చూడాలి. ఆటోనగర్‌లో స్పానర్ పట్టిన కుర్రాడు టీ తాగుతూ చెప్పే సంగతులివి.

ఇంతవరకూ నవ్వుకుందాం. కానీ ఆ శబ్దం చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌ది కూడా కావచ్చు. అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా కారు చేతిలో ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని పోతున్నప్పుడు ఊడితే ఏ "నార్మల్" కాపాడుతుంది? కారును లిఫ్టు మీద పైకెత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. చూడలేదు. చూడకుండానే టిక్కు పెట్టారు. సర్వీసు సర్వీసుకీ "అండర్‌బాడీ చెకప్" అని డబ్బులు తీసుకున్నారే, చిరిగిన బూటు ఒక్కసారైనా ఎవరి కంటా పడలేదా? వందల్లో పోయే రబ్బరు ముక్కను వదిలేసి, వేలు పోసే యాక్సిల్ దాకా లాక్కొచ్చి, అది మోగుతోందంటే రోడ్డు మోగుతోందనడానికి సిగ్గుండాలి. తెలియకపోతే తెలియదని చెప్పండి, ఇంకో మేస్త్రీని చూసుకుంటాం. టిక్కు మాత్రం పెట్టకండి. ఆ టిక్కును నమ్మి జనం కారెక్కుతున్నారు.

మర్నాడే ఫోనొచ్చింది. "సార్, కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది, పదికి పది చెప్పండి. తొమ్మిదన్నా మాకు సున్నా కిందే లెక్క సార్." వచ్చింది కూడా. కారు శుభ్రంగా కడిగారా, చెప్పిన టైముకిచ్చారా, లౌంజ్‌లో కాఫీ బాగుందా, అడ్వైజర్ నవ్వుతూ మాట్లాడారా అని వరసగా అడిగింది ఆ అమ్మాయి. శబ్దం పోయిందా అనే ప్రశ్న ఆ జాబితాలో లేదు. నేనే చెప్పబోతే, "అది రిమార్క్స్‌లో రాస్తాను సార్, కాఫీకి ఎన్ని మార్కులు?" అంది.